వాసన లేని క్రీము

నలభై మూడేళ్ల వయసులో నా బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. అప్పట్లో రోజూ తెనాలి నుంచి రైల్లో రేపల్లె వెళ్లి బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా బళ్లో తెలుగు టీచరు ముఖం ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉండేది. అడిగితే ఒక క్రీము పేరు చెప్పింది.

"రాత్రి రాసుకుని పడుకోండి. వారంలో తేడా మీకే తెలుస్తుంది."

నిజంగానే తెలిసింది. ఆరు నెలలు వదలకుండా రాశాను. ఆ తర్వాత ఒకరోజు మా పిల్లల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్లాం. గంటసేపు ఎండలో నిలబడ్డానంతే, ముఖం కారం పూసినట్టు మండింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే బుగ్గలు కందిపోయి, సన్నటి ఎర్ర నరాలు బయటపడ్డాయి.

తెనాలిలో చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు మీద రాసింది చదివి పక్కన పెట్టింది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. చర్మం పల్చబడింది. మానేస్తే కొన్నాళ్లు ఇంకా ఎక్కువవుతుంది. భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. రాత్రి ముఖం రుద్దకుండా కడుక్కుని, వాసన లేని ఈ క్రీము పల్చగా రాసుకుని, వేళకు పడుకోండి. పగలు ఎండ తగలనివ్వకండి."

"అంతేనాండి?"

"అంతే."

ఆవిడ చెప్పినట్టే ముందు ఎక్కువయింది. రైల్లో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక రాత్రి ఓర్చుకోలేక పాత ట్యూబు తీశాను. మా అత్తగారు చూసింది.

"ఏంటది?"

"ఈ ఒక్కసారికే అత్తయ్యా. రేపు బడికి ఆఫీసర్లు వస్తున్నారు."

"రాసుకుంటే రేపు బాగుంటుంది. ఎల్లుండి సంగతేంటి?"

తడిగుడ్డ తెచ్చి నా బుగ్గల మీద వేసింది. ఆవిడకి డెబ్భై దాటినా చర్మం మెత్తగా ఉంటుంది. భోజనం కాగానే ముఖం, కాళ్లు కడుక్కుని, చేతులకి కాస్త కొబ్బరినూనె రాసుకుని పడుకుంటుంది. ఆ రాత్రి మొదటిసారి ఎందుకని అడిగాను.

"పొలం దుమ్ముతో పడుకుంటే దురదలొచ్చేవి. అలా అలవాటయింది. ముడతలు నాకు మాత్రం రాలేదా ఏంటి?" అంటూ చెయ్యి చూపించింది.

మూడో నెలకి ఎరుపు తగ్గింది. మంగు పూర్తిగా పోలేదు, కాస్త పల్చబడిందంతే. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలుగు టీచరుకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చేతిరుమాలుతో బుగ్గ మీద పౌడరు తుడిచింది. కింద నాలాగే ఎర్రగా ఉంది.

"మూడుసార్లు మానేశానండి. మానినప్పుడల్లా ఎక్కువయి, మళ్లీ రాస్తున్నాను."

నాకు క్రీము చెప్పిందన్న కోపం అక్కడితో పోయింది.

"నాకూ అలాగే అయింది. ఈసారి మనిద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం" అన్నాను.

ఆ శనివారం బడి వదలగానే ఇద్దరం తెనాలి రైలెక్కాం. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా, ఎండ పడుతుందని ఎవరం కూర్చోలేదు.