విప్పడానికి కొన్న మిషను

మొన్న ఆదివారం బిర్యానీ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ చేరింది. మా ఆవిడ చేరింది, మా అత్తా చేరింది. వాళ్లని తీసుకెళ్లాల్సిన నేనూ, నా వ్యానూ మాత్రం చాథం జెట్టీ దగ్గరే ఉండిపోయాం. ఎందుకని అడగరేం? సరే, అడక్కపోయినా చెప్తాను. ముందు ఆ అల్లం టీ ఇటివ్వండి.

నా సంగతి మీకు తెలుసు కదా. ఇల్లు డాలీగంజ్‌లో, జిరాక్స్ షాపు జంగ్లీఘాట్‌లో. మెకానిక్‌ని కాను, మెకానిక్ తమ్ముణ్నీ కాను. కానీ ఏదైనా బిగించి కనబడితే చాలు, లోపల ఏముందో చూడాలని చేతులు దురద పెడతాయి. మిక్సీ విప్పాను, గోడగడియారం విప్పాను. పెళ్లిలో ఉంగరం తొడిగేటప్పుడు కూడా అది వేలి మీద తిరుగుతోందా లేదా అని రెండుసార్లు తిప్పి చూశానట. మా ఆవిడ కరుణ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

మాకో పాత వ్యాను ఉంది. ఈ సముద్రపు గాలికి దాని చక్రాల నట్లు తుప్పు పట్టి కూర్చుంటాయి. పోయిన వర్షాల్లో డాలీగంజ్ రోడ్డు మీద టైరు పంక్చరైతే, పానా మీద ఎక్కి గంటసేపు గెంతాను. నట్టు కదల్లేదు, నా నడుము కదిలింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇంపాక్ట్ రెంచ్ కొనాలని! అదేనండీ, బ్యాటరీతో నడిచే తుపాకీ లాంటి మిషను. నొక్కితే టకటకటకా కొట్టుకుంటూ నట్టు తిప్పేస్తుంది.

ఇక చూస్కోండి, రెండు నెలలు వీడియోలే వీడియోలు. డ్రిల్లు వేరట. ఇంపాక్ట్ డ్రైవర్ వేరట, అది స్క్రూలకి. నట్లకి రెంచ్ కావాలట. అందులో మళ్లీ బ్రష్‌లెస్ మోటారు మంచిదట. బ్రష్‌లెస్ అంటే ఏమిటి? బ్రష్ ముందు ఎందుకు పెట్టారు, తర్వాత ఎందుకు తీసేశారు? హార్డ్‌వేర్ షాపులో ఇవన్నీ అడిగితే ఆ కౌంటర్ భయ్యా తల పట్టుకుని, "లేనా హై క్యా, భయ్యా?" అన్నాడు. కొనాలనే ఉంది, కానీ తెలుసుకోకుండా ఎలా కొంటాం?

పైగా మన దీవుల్లో ఇంకో తిరకాసుంది. ఇంత పెద్ద బ్యాటరీలు మనకి విమానం కొరియర్‌లో రావు, ఓడలోనే రావాలి. ఒకటి పాడైతే ఇంకోటి వచ్చేసరికి నెల. అందుకని మెయిన్‌ల్యాండ్ వాళ్లు మిషను చూసి కొంటారు, మనం పక్కింటివాడి బ్యాటరీ చూసి కొనాలి. మా పక్కింటి బిశ్వాస్ దాదా ఏసీ మెకానిక్. ఆయన డ్రిల్లు ఏ కంపెనీదో, నేనూ ఆ కంపెనీదే తీసుకుందామనుకున్నాను. అవసరానికి ఒకరి బ్యాటరీ ఒకరికి పనికొస్తుంది. ఎంత తెలివి! దాదా కూడా మెచ్చుకున్నాడు. "లేకిన్ ఛోటావాలా లేనా," అన్నాడు, "నీ వ్యానుకి అదే బహుత్."

చిన్నదా? నేనా? ఎన్నేళ్ల తుప్పయినా ఒక్క దెబ్బకి ఊడాలి! అన్నిటికంటే పెద్దది ఆర్డర్ పెట్టాను. మూడు వారాలకి ఓడ వచ్చింది. పెట్టె మీద ఎంత బలంతో విప్పుతుందో పెద్ద అక్షరాల్లో రాశారు. దాని కింద చిన్న అక్షరాల్లో, ఎంత బలంతో బిగిస్తుందో కూడా రాశారు. ఆ చిన్న అక్షరాల జోలికి నేను పోలేదు. నాకు కావాల్సింది విప్పడం కదా!

శనివారం పొద్దున్నే వ్యాను ముందు కూర్చున్నాను. టకటకటకా! గంటసేపు నన్ను గెంతించిన నట్టు రెండు సెకన్లలో అరచేతిలో పడింది. ఆ ఆనందం ఏం చెప్పమంటారు! అవసరం ఉందా లేదా అని చూడకుండా నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి విప్పేశాను. మళ్లీ బిగించేటప్పుడు మా అత్త వరండాలో వెల్లుల్లి ఒలుస్తూ చూస్తోంది.

"రేపు ఫెర్రీ ఎక్కించాల కదా బాబూ. అందులో బండి ఒకటే ఊగుతాది. సక్రం ఊడి సముద్రంలో పడిపోతే ఏటి గతి? బాగా బిగించు."

పెద్దావిడ మాట కాదనకూడదు. ఒక్కో నట్టూ తిరగడం ఆగాక కూడా ఐదు లెక్కపెట్టే దాకా మిషను నొక్కి పట్టుకున్నాను. అత్త కోసం అంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ టకటక నాకే వదలబుద్ధి కాలేదు.

ఆదివారం బాంబూఫ్లాట్‌లో మా మరదలి బిడ్డకి చర్చిలో ప్రతిష్ట, అంటే బిడ్డని దేవుడి చేతుల్లో పెట్టే ప్రార్థన. ఆరాధన అయ్యాక వచ్చినవాళ్లందరికీ భోజనం మాది. కరుణా, అత్తా తెల్లారకముందే లేచి రెండు డేక్సాల బిర్యానీ వండారు. ఆ డేక్సాలు వ్యానులో ఎక్కిస్తుంటే మిషను పెట్టె అడ్డం వచ్చింది.

"ఏవండీ, ఇది ఉండాలా?" అంది కరుణ.

"తీసెయ్. నట్లన్నీ నేనే బిగించాను. ఇంక దాంతో పనేముంది?" అని పెట్టె వరండాలో పెట్టాను. బ్యాటరీ తీసి ఫ్రిజ్ మీద చార్జింగ్‌కి పెట్టాను.

చాథం దగ్గర బళ్ల లైనులో మాది ఐదోది. ఫెర్రీ వచ్చేస్తోంది. వెనక లారీ డ్రైవరన్న దిగొచ్చి అద్దం మీద కొట్టాడు. "భయ్యా, పీఛే దేఖో." చూస్తే ఎడమవైపు వెనక టైరు నేలకి అతుక్కుపోయి ఉంది.

పర్వాలేదు, స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్టుకి పానా తగిలించి తిప్పాను. ఊహూఁ. ఎక్కి నిలబడ్డాను. ఊహూఁ. గెంతాను. లైనులోంచి ఇద్దరు దిగారు, తర్వాత నలుగురు, తర్వాత పదిమంది. లారీ అన్న ఒక ఇనప పైపు తెచ్చి పానాకి తొడిగి ముగ్గురితో కలిసి వేలాడాడు. పానా వంగిపోయింది!

"కిస్‌నే టైట్ కియా రే?" అని అరిచాడు ఆయన, చెమట తుడుచుకుంటూ.

ఏం చెప్పను? "ఎవడో పంక్చర్ షాపువాడు, భయ్యా. బుద్ధి లేదు వాడికి," అన్నాను.

వ్యానులోంచి అత్త తల బయటపెట్టింది. అల్లుడి ఘనత వేరేవాడికి పోతుంటే ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. "కాదు నాయనా! మా అల్లుడే బిగించాడు! నిన్న పొద్దుటేల నుంచి అదే పని. కొత్త మిషను!"

పదిమందీ నా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఫెర్రీ హారన్ కొట్టింది. అటు చర్చిలో జనం, ఇటు వేడి బిర్యానీ. ఇది తప్పిపోతే భోజనాల టైముకి మేం చేరం. కరుణ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. పాపం ఆ లారీ అన్నే ఒక డేక్సా భుజానికెత్తుకున్నాడు. ఇంకో ఇద్దరు రెండోది పట్టుకున్నారు. కరుణా, అత్తా వాళ్ల వెనకే ఫెర్రీలోకి నడిచారు. వ్యానుని మిగిలినవాళ్లు పక్కకి తోశారు. బిర్యానీ వాసన ఫెర్రీ ఎక్కి వెళ్లిపోయింది, నేను ఒడ్డున నిలబడి చూశాను.

బిశ్వాస్ దాదాకి ఫోన్ చేశాను. "దాదా, వరండాలో నా పెట్టె ఉంది, జల్దీ తెచ్చిపెట్టు." పాపం, స్కూటీ మీద పరుగున వచ్చాడు. పెట్టె తెరిస్తే మిషను ఉంది. బ్యాటరీ ఫ్రిజ్ మీద ఉంది!

"నీ బ్యాటరీ అయినా తేలేదా దాదా?"

"పెట్టె తెమ్మన్నావు, పెట్టె తెచ్చాను. నాదీ ఇంట్లోనే ఉంది. ఆదివారం, ఛుట్టీ హై నా?"

ఎవరి బ్యాటరీ అయినా పనికొస్తుందని రెండు నెలలు ఆలోచించి కొన్న మిషను! రెండు బ్యాటరీలూ డాలీగంజ్‌లో, నేను చాథంలో.

దాదా మళ్లీ వెళ్లి తన బ్యాటరీ తెచ్చాడు. టకటకటకా! నట్లన్నీ నిమిషంలో ఊడాయి. కొత్తగా లైనులోకి వచ్చిన జనం చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకుని స్టెప్నీ ఎక్కించి, బిగించడానికి మళ్లీ మిషను ఎత్తానో లేదో, "హాథ్ సే!" "చేత్తో!" "కైయాల!" అని చుట్టూ అరుపులు. దాదా నా చేతిలోంచి మిషను లాగేసుకున్నాడు. వంగిన పానా నా చేతికిచ్చాడు.

నేను బాంబూఫ్లాట్ చేరేసరికి డేక్సాలు కడిగి బోర్లించారు. నాకు రైతా మిగిల్చారు. తిరుగు ప్రయాణానికి ముందు అందరం నిలబడి కళ్లు మూసుకున్నాం, అత్త ప్రార్థన మొదలెట్టింది. బిడ్డ కోసం, మరదలి కోసం, ఫెర్రీ కోసం, లారీ అన్న కోసం. ఆ తర్వాత నా వంతు వచ్చింది.

"ప్రభువా, మా అల్లుడి చేతులకి నువ్విచ్చిన బలానికి స్తోత్రం. పదిమంది మగాళ్లు పట్టినా కదల్లేదు తండ్రీ. ఇకమీద చేతుల్లో కాస్త తగ్గించి, ఆ తగ్గించింది బుర్రలో పెట్టు నాయనా."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కళ్లు తెరిచాను. కరుణ ఇంకా చేతులు జోడించే ఉంది, రెండోసారి ఆమెన్ అంటోంది. ఏం చేస్తాను, నేనూ కలిశాను.