దుప్పటి అవతల నుంచి నేర్చిన పంటి పని

1894 జులైలో క్రైస్తవ మిషను వారు నన్ను నరసాపురంలోని తమ ఆడవాళ్ల ఆసుపత్రికి పంటి పని నేర్చుకోమని పంపారు. అప్పట్లో మా వైపు పళ్ల వైద్యానికి వేరే కాలేజీ లేదు. తెలిసినవారి పక్కన నిలబడి నేర్చుకోవడమే. డిసెంబరులో రాజమండ్రి నుంచి వచ్చే సర్జను గారి ముందు నా చేత్తో దవడ పన్ను తీసి చూపాలి. లేకపోతే లేసు అల్లే బడికి పంపేస్తారు.

ఎవరి పక్కన నిలబడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ గారిని అడిగితే "పళ్లు డ్రెస్సరు గారి పని" అన్నారు. గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరు దేవదానం గారిని అడిగితే "ఆడపిల్లలకు నేర్పడం డాక్టరమ్మ గారి పని" అన్నారు. ఆయన మద్రాసులో పని నేర్చిన మనిషి. చెయ్యి మంచిది, నోరు పెగలదు. నా వంతు పట్టకార్లు మరిగించడం, ఉమ్మి పళ్లెం పట్టుకోవడం. పన్ను తీసేటప్పుడు వీపు అడ్డం పెట్టేవారు. సెప్టెంబరు దాకా నేను చూసిందల్లా ఆయన చొక్కా.

అక్టోబరులో రాజుల ఇంటి ఇల్లాలు ఒకరు దవడ వాచి మేనాలో వచ్చారు. వాళ్లది ఘోషా. పరాయి మగవాడు ముఖం చూడకూడదు. డాక్టరమ్మ గారేమో పడవ మీద లంక గ్రామాలకు వెళ్లి ఉన్నారు. చేసేది లేక గుమ్మానికి దుప్పటి కట్టాం. ఆయన అవతల, నేను ఇవతల.

"ఏ పన్ను?" అన్నారు.

"నల్లగా ఉన్నదండి."

"నల్లగా ఉంటే పీకేస్తావా? పట్టకారు పిడితో ఒక్కొక్కటీ మెల్లగా తట్టు. ఎక్కడ ఉలిక్కిపడితే అదీ."

ఆవిడ ఉలిక్కిపడింది నల్ల పన్ను దగ్గర కాదు, దాని వెనక పన్ను దగ్గర. ఆ విసురులో ఆవిడ నా వేలు కొరికారు.

"అరిచిందెవరు?"

"నేనేనండి."

"నీ పన్ను కాదుగా, కానివ్వు. ఎడమ చేత్తో దవడ పట్టు. పట్టకారు కిందికి, వేరు దాకా నొక్కు. లాగకు. బుగ్గ వైపు వంచు, నాలుక వైపు వంచు. కదిలిందా?"

"కదిలిందనుకుంటానండి."

"కనబడేది చెప్పమ్మా, అనుకునేది కాదు!"

పన్ను వేర్లతో సహా వచ్చింది.

మర్నాడు ఆయన మళ్లీ నా చేతికి ఉమ్మి పళ్లెం ఇచ్చారు. ఒళ్లు మండింది. పళ్లెం కింద పెట్టి, దుప్పటి తెచ్చి గుమ్మానికి కట్టాను. మా ఆసుపత్రిలో కట్టిన తెరను మగవాడు ఎత్తకూడదని నియమం. ఆ రోజు వచ్చినావిడ చేపలమ్మే మనిషి.

"నాకు తెరేంటమ్మా, సంతలో నన్ను చూడనోడెవడు?" అని దవడ పట్టుకునే నవ్వింది.

"ఈవిడకీ ఘోషాయేనా?" అన్నారు అవతల నుంచి.

"ఈ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఘోషాయేనండి."

విసుగ్గా, "తట్టి చూశావా?" అని వినబడింది.

డిసెంబరు దాకా ఏ ఆడమనిషి వచ్చినా దుప్పటి కట్టాను. సర్జను గారి ముందు పన్ను విరగకుండా తీశాను. దేవదానం గారు మాత్రం నాకు నేర్పినట్టు ఎన్నడూ ఒప్పుకోలేదు. పని తెలిసినవారు తమంతట తాము నేర్పుతారని ఎదురుచూస్తే కాలం గడిచిపోతుంది. వారు చెబితే తప్ప పని జరగని చోట మనం నిలబడాలి.