తర్లుపాడులో ఆగని సైకిలు

ఓబులేసు కాళ్ళు మార్కాపురం తాలూకాలో పేరున్న కాళ్ళు. ఆ పేరు తెచ్చిపెట్టింది వంకాయలు. బావి కింద కాసిన వంకాయలను రెండు గంపలకెత్తి, సైకిలుకు కట్టుకుని, రోజూ తెల్లవారేసరికి మార్కాపురం అంగళ్ళకు చేర్చేవాడు. దారిలో ఎక్కడా కాలు కింద పెట్టేవాడు కాదు. ఎవరైనా పలకరిస్తే బెల్లు కొట్టడమే జవాబు. మాటలు కూడా తూకానికి అమ్ముదామని దాచుకుంటున్నాడని జనం వేళాకోళం చేసేవారు. మంచివాడే, ఒళ్ళు దాచుకోని మనిషే. కానీ నోరు తెరవాల్సిన చోట కాళ్ళకు పని చెప్పేవాడు. అలాంటివాడితో చుట్టరికం ఉన్నవాళ్ళు నవ్వి ఊరుకోవచ్చు, కాపురం చేసే మనిషికి మాత్రం అది నవ్వులాట కాదు.

ఆ కాపురం చేసిన మనిషి కొండమ్మ. తొలికాన్పుకు తర్లుపాడులో పుట్టింటికి పోయింది. మగబిడ్డ పుట్టి, పురుడు కూడా తీరకముందే కన్నుమూశాడు. ఓబులేసు వచ్చాడు, మగవాళ్ళతో కలిసి బిడ్డను తీసుకుపోయి మట్టి చేశాడు, ఆ సాయంత్రమే సైకిలెక్కి వెళ్ళిపోయాడు. కొండమ్మ మళ్ళీ అత్తగారింటికి రాలేదు. తరువాత అతను రెండుసార్లు పోయి వాకిట్లో కూర్చున్నాడు. ఆమె గడప దాటి బయటికి రాలేదు, అతను గడప దాటి లోపలికి పోలేదు. అట్లాగే ఏడాది తిరిగిపోయింది.

అప్పటికింకా రెండో ప్రపంచ యుద్ధం రాలేదు. మార్కాపురం ప్లీడర్లకూ వ్యాపారులకూ పేపర్లో ఏదో చదివి సరదా పుట్టింది. మూడు రోజుల సైకిలు పందెం పెట్టారు. ఆ తట్టున అట్లాంటిది అదే మొదటిసారి. తొలి రోజు గిద్దలూరు నుంచి కంభం, రెండో రోజు కంభం నుంచి తర్లుపాడు మీదుగా మార్కాపురం, మూడో రోజు మార్కాపురం నుంచి దోర్నాల. జట్టుకు ముగ్గురు. ముగ్గురిలో ఆఖరున వచ్చినవాడి సమయమే జట్టు మొత్తానికీ సమయం. ఒక్కడు తగ్గినా జట్టు పందెంలో లేనట్టే. ఈ షరతు రాసిన పెద్దమనిషి ఎవరో గాని, పల్లకీ తప్ప సైకిలు ఎక్కిన మొహం కాదు.

మార్కాపురం జట్టుకు పెద్ద సుందరరామయ్య, బట్టల దుకాణం వాళ్ళబ్బాయి. రెండోవాడు మోషే, పలకల గనిలో రాయి చీల్చే పని. మూడో మనిషి కోసం ఇద్దరూ ఓబులేసు దగ్గరికి వచ్చారు.

"తర్లుపాట్లో యా వీధిన పోతారు?" అని మాత్రం అడిగాడు ఓబులేసు.

"పెద్దబాటనే అన్నా. మీ అత్తోళ్ళ వాకిలి ముందర్నుంచే," అన్నాడు మోషే.

"అయితే వస్తా."

వెండి కప్పు మీద అతనికి ఆశేమీ లేదు. పందెం చూడ్డానికి ఊరంతా బయటికి వస్తుంది కాబట్టి కొండమ్మ కూడా వస్తుందేమో, ఒక్కసారి తన మొహం చూస్తుందేమో అని ఆశ. ఫలానా రోజు మీ ఇంటి ముందే పోతున్నానని కబురు కూడా పెట్టాడు. ఎదుటపడి చెప్పలేనివాళ్ళకు కబుర్లంటే మహా ధైర్యం.

తొలి రోజు గిద్దలూరు దాటిన కాసేపటికే సుందరరామయ్య చక్రంలో తుమ్మముల్లు దిగింది. అతను దారి పక్కన కూర్చుని తిట్లు మొదలుపెట్టేలోగా మోషే ట్యూబు బయటికి లాగేశాడు. ఓబులేసు గాలి కొట్టాడు. గిద్దలూరు జట్టు దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. ఈ ముగ్గురూ ఎదురుగాలికి వంతులవారీగా ముందుండి, ఒకరి చాటున ఒకరు తొక్కి కంభం దగ్గర వాళ్ళను అందుకున్నారు. ఒకరికొకరు గాలి కాచిన ఆ ముగ్గురికి కంభంలో అన్నాలు మాత్రం మూడు చోట్ల పెట్టారు. పెట్టినవాళ్ళకు అది తప్పని తోచనే లేదు. ఓబులేసు తన విస్తరి ఎత్తుకుపోయి మోషే పక్కన కూర్చున్నాడు. యథాప్రకారం మాట మాత్రం లేదు.

రెండో రోజు కాళ్ళు బాగా సాగాయి. తర్లుపాడు దగ్గరికి వచ్చేసరికి వీళ్ళే ముందున్నారు, గిద్దలూరు వాళ్ళు వెంటనే వెనక. వీధికి రెండు వైపులా జనం. ఆ జనంలో కొండమ్మ లేదు. ఆమె నడివీధిలో ఉంది. చేతిలో నీళ్ళచెంబు.

అల్లుడు ఊళ్ళో అడుగుపెడితే కాళ్ళకు నీళ్ళివ్వడం ఆ ఇంటి మర్యాద. ఆ నీళ్ళు కాదని ఊరు దాటిపోయాడంటే ఆ ఇంటితో తెంచుకున్నట్టే లెక్క. అతను పందెంలో ఉన్నాడా పెళ్ళిలో ఉన్నాడా అని ఆచారం అడగదు. పైగా ఏడాదిపాటు గడప దాటని మనిషి ఆ చెంబు పట్టుకుని వచ్చింది.

"ఆగొద్దన్నా! ఎనకాలే ఉండారు!" అని అరిచాడు మోషే.

ఓబులేసు ఆమెను చూశాడు. చేతులు బ్రేకుల మీదికి పోయాయి. కాళ్ళు మాత్రం ఆగలేదు. తల వంచుకుని ఆమె పక్కనుంచి దూసుకుపోయాడు. ఊరి చివర తిరిగి చూస్తే, కొండమ్మ చెంబులోని నీళ్ళు మట్టిలో ఒంపేసి ఇంటివైపు నడుస్తోంది.

మార్కాపురంలో మేళం పెట్టించారు. జట్లన్నిటిలో మనమే ముందున్నామని సుందరరామయ్య ఎగిరి గంతేశాడు. ఓబులేసు మెడలో పడిన దండ తీసి హ్యాండిలుకు తగిలించి, మోషేను పక్కకు పిలిచాడు. చెంబునీళ్ళ సంగతి విని మోషే మొహం వాడిపోయింది.

"నేను అరవకపోయుంటే బాగుండేది గదన్నా."

"నువ్వు అరవకపోయినా నేను ఆగేవోణ్ణి కాదురా. నా రోగమే అది. ఇప్పుడు పోయొస్తా. పొద్దున జెండా ఊపే యాళకు ఉంటా."

సాయంత్రం తర్లుపాడు చేరేసరికి అత్త రోశమ్మ గాటి దగ్గర ఎద్దుకు మేత వేస్తోంది. ఆమె అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు, ఏదన్నా ఎద్దుతోనే.

"చూస్తివా రా, ఊరు దాటిపోయిన మారాజులు ఎనక్కి తిరిగొచ్చినారు," అన్నది ఎద్దుతో. "మళ్ళా కాళ్ళకు నీళ్ళు కావాలంట."

ఓబులేసు కుడితితొట్టి పక్కనున్న కుండలో నీళ్ళు ముంచుకుని తానే కాళ్ళు కడుక్కున్నాడు. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి, లోపలికి పోయాడు. కొండమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"నీకు ఆగేది చేతగాదు," అన్నది తలెత్తకుండానే. "ఆ పొద్దూ అంతే. బిడ్డను పూడ్చొచ్చి, తడిగుడ్డలు ఆరకముందే సైకిలెక్కినావు. నాతో ఒక్క మాటన్నా మాట్లాడినావా?"

"ఏం మాట్లాడాల్నో తెలీలేదు."

"నాకు మాత్రం తెలిసిందా? ఇద్దరం ఏమీ తెలీకనే కూచునుంటే పోయేదిగదా."

ఇంత సులభమైన మాట ఏడాదిపాటు అతనికి ఎందుకు తోచలేదో! సైకిలు తొక్కినంతసేపూ, గంపలు మోసినంతసేపూ వెతికిన జవాబు ఇదే.

"వాణ్ణి యాడ పెట్టినారు?" అని అడిగింది కొండమ్మ.

పసిబిడ్డను మట్టి చేసిన చోటు తల్లికి చెప్పరు. చెబితే ఆమె మనసు అక్కడే కొట్టుకుంటుందని, మళ్ళీ కడుపు పండదని అంటారు. ఓబులేసు అదే అన్నాడు. "ఆడోళ్ళకు చెప్పగూడదంటారు."

"ఎవురంటారు? బిడ్డను పోగొట్టుకున్నోళ్ళు అన్నారా ఆ మాట?"

"తెల్లారినాక చూపిస్తా," అన్నాడు.

"తెల్లారినాక పందెం గదా."

జెండా ఊపేది పొద్దు పొడిచేటప్పుడే. మార్కాపురం చేరాలంటే తొలికోడికే కదలాలి. చీకట్లో ఆ చోటు కనపడదు. ఈ లెక్క ఇద్దరికీ తెలుసు. ఓబులేసు లేచిపోయి సైకిలును కొట్టంలో పెట్టి వచ్చాడు.

పొద్దున మార్కాపురంలో మోషే, సుందరరామయ్య తర్లుపాడు బాట వైపు చూస్తూ నిలబడ్డారు. జెండా ఊపారు. మిగతా జట్లు దోర్నాల దారి పట్టాయి. వీళ్ళిద్దరూ కదల్లేదు. కప్పు గిద్దలూరు వాళ్ళకు పోయింది. సుందరరామయ్య చాలాకాలం ఓబులేసుతో మాట్లాడలేదు. అతన్ని తప్పుపట్టలేం, మాట తప్పినవాడు ఓబులేసు. దాన్ని ఎవరూ ఒప్పు చేయలేరు, అతనూ చేయమని అడగలేదు.

అదే వేళకు ఓబులేసు కొండమ్మను వాగు పక్కన గట్టుకు తీసుకుపోయాడు. పోతుంటే రోశమ్మ చూసింది గాని, ఎద్దుతో కూడా ఏమీ అనలేదు.

మట్టి చేసిననాడు అందరూ వెళ్ళాక ఓబులేసు ఒక్కడే వెనక్కి తిరిగి, బిడ్డ తలాపున ఒక పలకరాయి నిలబెట్టి వచ్చాడు. నున్నటి నల్లరాయి, చేతికి దొరికినవాటిలో మంచిది. ఎప్పుడొచ్చినా గుర్తుపడతాననుకున్నాడు. ఇప్పుడు చూస్తే గట్టు నిండా పలకరాళ్ళే. గాలివానలకు ఒరిగినవి, మేకలు తొక్కినవి, విరిగినవి, అన్నీ నల్లనివే, అన్నీ నున్ననివే. పలకలు పండే నేల మీద పలకరాయిని గుర్తు పెట్టుకున్నాడు వెర్రిబాగులవాడు.

ఓబులేసు వంగి ఒక రాయి ఎత్తి చూశాడు. ఇంకొకటి ఎత్తాడు. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క రాయినీ తిప్పి చూశాడు. వేళ్ళు కోసుకుని రక్తం వచ్చినా ఆపలేదు. "ఈడనే పెట్టినా... నా చేత్తోనే పెట్టినా..." అంటూ గట్టు ఈ కొన నుంచి ఆ కొనకు పోయాడు. ఆఖరికి చేతిలో రాయితో అట్లాగే కూలబడి, పసిపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అతను ఏడవగా కొండమ్మ చూడటం అదే మొదలు. ఆ రోజు కూడా ఇతను ఇట్లాగే ఎక్కడో ఒంటరిగా ఏడ్చి ఉంటాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

"కనపడలేదు కొండమ్మా," అన్నాడు.

"ఈ గట్టు మీదనే గదా ఉండేది?"

"ఆ."

"అయితే దొరికినట్టే," అని కొండమ్మ ఆ రాళ్ళ మధ్యనే కూర్చుంది. అతని చేతిలోని రాయి తీసి పక్కన పెట్టి, నెత్తురు కారే వేళ్ళకు తన కొంగు చుట్టింది.

"ఏమీ మాట్లాడొద్దులే. కూచో," అన్నది.

ఎండెక్కి, మేకలు గట్టు మీదికి వచ్చేదాకా ఓబులేసు అక్కడే కూర్చున్నాడు.