నాన్న చెయ్యి గీత దాటిన రోజులు

నా చిన్నప్పుడు మా నాన్న పెడనలో కలంకారీ అద్దకం పని చేసేవారు. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేసేవారు. ముందు నల్లగీతల అచ్చు. తరవాత ఆ గీతల లోపల సరిగ్గా కూర్చునేలా ఎర్రరంగు అచ్చు. వెంట్రుకవాసి జరిగినా పువ్వు పాడైపోతుంది. ఆయన అచ్చు జరగడం నేనెప్పుడూ చూడలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళని ముందు ఆయన బల్ల దగ్గరే నిలబెట్టి, చెయ్యి ఎలా ఆడుతోందో చూడమనేవారట.

నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆ చెయ్యి మారిపోయింది. ఎర్రరంగు గీత దాటి పక్కన పడేది. మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపితే గ్లాసును దాటి వెళ్ళి గోడకు తగిలేది. నడిస్తే తూలేవారు. మాట కూడా ముద్దగా వచ్చేది. పొద్దున్నే వేసుకొచ్చావా అని అద్దకం షెడ్డులో అందరి ముందూ యజమాని అడిగాడని అమ్మ ఏడుస్తూ చెప్పింది. నాన్న అతనికి ఎదురు చెప్పలేదట. చెప్పబోతే మాట ఇంకా తడబడుతుందని భయపడి ఉంటారు. నెల తిరక్కుండా మా వీధివీధంతా ఆయన్ని తాగుబోతును చేసేసింది.

నేనూ అలాగే నమ్మాను. దాచుకోవడం ఎందుకు, నమ్మాను.

ఒకరోజు నేను క్యారేజీ మరిచిపోయి బడికి వెళ్తే, నాన్న తీసుకొచ్చారు. బడి ఆవరణలో రెండుసార్లు పడబోయి నిలదొక్కుకున్నారు. ఆడపిల్లలందరూ నవ్వారు. "మీ నాన్నేనా?" అని ఒకమ్మాయి అడిగింది. "కాదు, ఎవరో" అన్నాను. ఆయన అప్పటికే దగ్గరికి వచ్చేశారు. నా మాట వినిపించే ఉంటుంది. క్యారేజీ అరుగు మీద పెట్టాలని చూస్తే అది అంచు తగిలి ఒరిగింది. పప్పు కారిపోయింది. దాన్ని రెండు చేతులా నిలబెట్టి, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయారు.

మా పక్కింటి అత్తయ్య బందరులో కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. మాకు చుట్టం కాదు. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. నాన్నని మాత్రం అన్నయ్యా అని పిలిచేది. బెజవాడలో పెద్ద డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళింది ఆవిడే. తిరిగొచ్చిన రోజు అమ్మతో చాలాసేపు మాట్లాడింది. తరవాత నన్ను పిలిచి, "నాన్న తాగుతున్నాడని నువ్వూ అనుకుంటున్నావామ్మా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆవిడ తిట్టలేదు. శనివారం నన్ను బస్సెక్కించుకుని బందరు తీసుకెళ్ళింది.

కాలేజీ ల్యాబులో ఘాటైన మందు వాసన. నన్ను స్టూలు మీద నిలబెట్టి మైక్రోస్కోపులోకి చూడమంది. మొదట ఒక కణం చూపించింది. నాలుగైదు కొమ్మలతో మామూలుగా ఉంది. అది వెన్నుపాములో ఉంటుందట. దాని తోక కాలిదాకా సాగి ఉంటుందట. కండరాన్ని కదలమని చెప్పడం దాని పని. అంత దూరం కబురు పంపాలి కాబట్టి అంత పొడుగు తోక.

తరవాత కింద పెట్టిన గాజుపలక మార్చింది. ఈసారి కనిపించినదాన్ని నేనింతవరకూ మరిచిపోలేదు. ఒక చిన్న నల్లచుక్క, దాని పైన లెక్కపెట్టలేనన్ని కొమ్మలు. కొమ్మకు కొమ్మ, దానికి రెమ్మ. అంతా కలిపి విసనకర్రలాగా పల్చగా విచ్చుకుని ఉంది. మగ్గం మీద పడుగు దారాలు సాగినట్టు, సన్నటి నరాలు ఇలాంటి విసనకర్రల మధ్యనుంచి వేలకు వేలు దూరి వెళ్తాయని చెప్పింది.

"ఇన్ని కొమ్మలెందుకో తెలుసా? వినడానికి. చెయ్యి ఎక్కడుంది, కన్ను ఏం చూస్తోంది, ఒళ్ళు ఎటు వాలింది, అన్నీ ఒకేసారి వినాలి. విని, ఇక చాలు, ఇక్కడే ఆగు అని చెప్పాలి. నాలుగు కొమ్మలతో ఆ పని అవదు. అన్నయ్య చిన్నమెదడులో ఇవే చచ్చిపోతున్నాయమ్మా. కదలమని చెప్పేది బాగానే ఉంది. ఆపేది లేదు."

నేను చాలాసేపు ఆ కొమ్మలే చూశాను. "మళ్ళీ మొలవవా అత్తయ్యా?"

ఆవిడ కళ్ళజోడు తీసి పవిటచెంగుతో తుడుచుకుంది. "మొలవవమ్మా. నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను. కానీ నీకు అబద్ధం చెప్పలేను."

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని చొక్కా బొత్తాం పెట్టుకోలేక తంటాలు పడుతున్నారు. నేను పెట్టాను. బడిలో నేనన్న మాట గురించి చెప్పబోయి, కింది బొత్తాం పెట్టడంలో పడ్డాను. మర్నాడు షెడ్డులో ఆయన మణికట్టు నా రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను, అచ్చు కదలకుండా ఉంటుందేమోనని. ఇద్దరం కలిసి వేసినా ఎరుపు గీత దాటింది. మళ్ళీ వేశాం. మళ్ళీ దాటింది. "వదిలెయ్యమ్మా" అన్నారు మెల్లగా. ఆ వారంలోనే పని మానేశారు. ఏడాది తిరిగేసరికి అన్నం అమ్మే కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది. నేను పదో తరగతిలో ఉండగా పోయారు. ఎందుకు పోతున్నారో నాకు తెలుసు. కళ్ళకు కట్టినట్టు తెలుసు. అంతకుమించి నా చేతిలో ఏమీ లేకపోయింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ కణం పేరు తరవాత పుస్తకాల్లో చదివాను. ఆ జబ్బుకు మందు వచ్చిందేమోనని డాక్టర్లు కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. లేదనే అంటారు. రోడ్డు మీద ఎవరైనా తూలుతూ కనిపిస్తే మాత్రం నేను పక్కకు తప్పుకోను. వెళ్ళి చెయ్యి అందిస్తాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు గుప్పున సారా వాసనే కొడుతుంది. కొట్టనీ. రోడ్డు అవతలి పక్కదాకా నడిపించే వస్తాను.