గౌస్‌ను పిలిపించిన రోజు

కోదాడలో మిర్యాలగూడ బస్సు ఎక్కినప్పుడు బీఎస్సీ ఫిజిక్స్ చదివానన్న పొగరు నాకు నిండుగానే ఉంది. రైస్ మిల్లులో క్వాలిటీ చూసే ఉద్యోగం, మూడు నెలల ట్రయల్ మీద. సరిగ్గా ఆ గడువు ముగిసే రోజే బియ్యం కొనే కంపెనీ మనిషి తనిఖీకి వచ్చాడు. బియ్యంలో కలిసిన ఇనుప ముక్కల్ని పట్టే అయస్కాంతపు కడ్డీలకు బలం ఎంతుందో మీటరు పెట్టి చూపించాలి. తక్కువ వస్తే వాళ్లు సరుకు తీసుకోరు, మా ఓనరు నన్ను ఉంచుకోడు.

మీటరు పెట్టాను. అంకె తక్కువే వచ్చింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అంతే. కడ్డీలు తుడిచే అక్క ఏమైందని అడిగితే, "ఇంకా గౌస్ కావాలక్కా" అన్నాను. గౌస్ అంటే అయస్కాంత బలానికి కొలత, ఒక గణిత పండితుడి పేరు మీద పెట్టారు. అదంతా విడమర్చి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. ఆమె చక్కా పోయి గేటు ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపాయన్ను తీసుకొచ్చింది. గౌస్ అనే పేరు గలవాళ్లు మా వైపు వీధికొకరుంటారు, ఆయనా వాళ్లలో ఒకడు.

"పిలిచిన్రంట గదా మేడం" అన్నాడాయన, సంచి కింద పెట్టి.

కంపెనీ మనిషి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంగతి చెప్తే వెల్డింగ్ ఆయన కూడా నవ్వాడు. జేబులోంచి చిన్న స్క్రూ తీసి కడ్డీ మీద ఆనించి వేలితో తోశాడు. ఒకచోట సులువుగా జరిగింది. రెండు వేళ్ల అవతల అతుక్కుని కదలనంది.

"జోరంతా గీడనే ఉన్నది. జర గీడ పెట్టి సూడున్రి."

పెట్టాను. అంకె ఎగిరి కూర్చుంది. ధ్రువాల దగ్గరే బలం ఎక్కువని బడిలో చదివినదాన్నే నేను.

తనిఖీ కాగితం మీద సంతకం పడింది. సాయంత్రం ఓనరు "హుషారున్నవమ్మా" అంటే తలవంచుకుని ఆ మెప్పు పుచ్చుకున్నాను. ఇంటికి చేరేదాకా ఒకటే సిగ్గు. వెల్డింగ్ ఆయనకు థ్యాంక్స్ కూడా చెప్పలేదు. మర్నాడు ఓనరు దగ్గరికి వెళ్లి, ఆ చోటు చూపించింది వెల్డింగ్ ఆయనే గానీ నేను కాదని చెప్పేశాను.

ఓనరు చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు. "ఆయనతోనే పని అయిందని గీ ముచ్చట ఆయనకు చెప్పినవా?"

"లేదు సార్."

"ముందుగాల పోయి చెప్పిరా. నీ పర్మినెంట్ ఆర్డర్ మీద సంతకం తర్వాత పెడత."

వెల్డింగ్ షాపు ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. నా ఉద్యోగం నిలబెట్టింది మీరేనని ఆయనతో వాళ్లందరూ వినేట్టు చెప్పాను.