నాయన వేసిన అతుకు

అట్టపెట్టె తెరవగానే ముందు వచ్చింది నల్ల టేపు జిగురు వాసన. మోటారు వైర్లకు చుట్టే ఆ టేపు ఏళ్ళ తరబడి ఎండవేడికి ఉంటే జిగురు కరిగి అంచుల్లోంచి బయటికి వస్తుంది, వేలికి అంటితే సబ్బుకు పోదు, కిరసనాయిలు కావాలి. దాని కింద పాత ప్లాస్టిక్ వాసన, ఇంకా కింద అటక మీద ఎన్నో ఏళ్ళు తోడున్న ఎండుమిరపకాయల ఘాటు. పుంగనూరు దగ్గరి మా ఊళ్ళో పాతింటి పైకప్పు మార్చడానికి అటక ఖాళీ చేస్తుంటే ఈ పెట్టె దొరికిందని, మా తమ్ముడు మురళి బండి వెనక కట్టుకొని మదనపల్లెలో నా ఇంటికి తెచ్చాడు. లోపల ఉన్నది మా చిన్నప్పటి వీడియో గేమ్.

నాయన పోయిన మాఘం తర్వాత మళ్ళీ చలికాలం, అనపకాయల కాలం వచ్చింది. ఆయన పొద్దున మోటారు వేయడానికి చేనికి వెళ్ళి, మోటారు గది గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె అన్నారు. చొక్కా జేబులో ఫోన్ ఉంది, చార్జింగ్ ఉంది, సిగ్నల్ ఉంది. ఒకటో నంబరు నొక్కి పట్టుకుంటే నాకు మోగేట్టు నేనే పెట్టి ఇచ్చాను. ఆయన నొక్కలేదు. నొక్కే వ్యవధి లేదు అనుకుందామంటే, పక్క చేనివాళ్ళు చూసేటప్పటికి మోటారు ఆపి ఉంది, స్టార్టరు పెట్టె మూత వేసి ఉంది. అంటే ఒంట్లో బాగాలేదని తెలిసి, ఎర్ర బటను నొక్కి, మూత వేసి, వచ్చి కూర్చున్నాడు. అన్ని పనులు చేసిన చెయ్యి జేబులోకి ఎందుకు పోలేదు? అప్పటి నుంచి నాలో ఉన్నది ఈ ఒక్క ప్రశ్నే. ఏడుపు రాలేదు. వస్తుందని చాలామంది చెప్పారు, నేనూ ఎదురు చూశాను, తర్వాత ఎదురు చూడడం మానేశాను.

మురళి అన్నం తిని, గేమ్‌ను తుడిచి, నా టీవీకి తగిలించి, అడాప్టరును గోడకు పెట్టాడు. స్విచ్చి పక్కన ఎర్ర లైటు వెలగాలి. వెలగలేదు. "ఎలగకుండా యాడికి పోతాది, సూద్దాం" అని నేల మీద కూర్చొని స్క్రూడ్రైవరు తీశాడు. వాడికి దాన్ని ఒకసారి పనిచేయించి చూడాలని ఎందుకు పట్టుదల వచ్చిందో నేను అడగలేదు. అమ్మ గోడవార కూర్చొని, రాత్రి నానబెట్టిన అనపగింజలను పితుకుతోంది. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది.

ఆ గేమ్‌ను మాకు తెచ్చింది కుప్పంలో ఉండే మా మేనమామ. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు, అక్కడ దొరకనిది లేదు అనేది ఆయన ధీమా. గంగజాతరకు వస్తూ తెచ్చాడు. జాతర రోజుల్లో మా ఇంట్లో పొద్దున్నే అంబలి కాచేవాళ్ళు, వాకిలి నిండా వేపాకు, పసుపునీళ్ళు, మధ్యాహ్నానికి వీధంతా మసాలా నూరే వాసన, సాయంత్రానికి డప్పులు. అన్నీ వదిలేసి ఊళ్ళో పిల్లలంతా ఆ సంవత్సరం మా నడవలో చేరారు. గేమ్‌తో వచ్చిన క్యాసెట్టు మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలు అని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఏడో ఎనిమిదో, అవే పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ట్యాంకులది ఒకటి, గుంతలు దూకుతూ పోయే మనిషిది ఒకటి, తుపాకితో బాతులను కొట్టేది ఒకటి. మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, వక్కాకు దంచుకుంటూ కాసేపు చూసి, "పొద్దన్నుంచీ కొడతానే ఉండారు, ఒక బాతన్నా కూరకొచ్చిందా?" అని అడిగింది. ఆ మాట ఊళ్ళో చాలా కాలం నడిచింది. మా ఇంటికి ఎవరు వచ్చినా కూరకు బాతు ఉందా అని అడిగేవాళ్ళు.

రెండు రిమోట్లు ఉండేవి. ఆట మొదలుపెట్టే బటను మొదటిదానికే ఉండేది, రెండోదానికి ఉండేది కాదు. మొదటిది మురళిది. నేను పెద్దదాన్నైనా, వాడు మొదలుపెడితేనే నేను ఆడాలి. ఇంట్లో ఎవరూ అలా నిర్ణయించలేదు, అలా జరిగిపోయింది అంతే. నా వంతు వచ్చేదాకా అమ్మ నా ముందు అనపగింజల గిన్నె పెట్టేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను నొక్కితే పప్పు జారి ముందుకు ఎగిరేది, తొక్క వేళ్ళలో మిగిలేది. చలికాలం సాయంత్రాలు, చేతులు నానిపోయి ముడతలు పడి, పొయ్యి మీద రాగిసంగటి ఉడుకుతూ, పితికిపప్పు కూరకు అల్లం కొత్తిమీర నూరే చప్పుడు లోపలి నుంచి వస్తూ ఉంటే, నేను టీవీ వైపు చూస్తూనే గింజలు పితికేదాన్ని. కొన్ని పప్పులు టీవీకి తగిలేవి. వేసవిలో అయితే అనపగింజల బదులు పచ్చి మామిడిముక్కలూ ఉప్పుకారమూ, వానలు పడ్డాక ఉడకబెట్టిన చెనక్కాయలు. రిమోట్ల బటన్ల కింద ఉప్పు చేరి కరకరలాడేది.

మా ఊళ్ళో మోటార్లకు త్రీఫేజు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇచ్చేవాళ్ళు. పగటి వారాల్లో మేము బడి నుంచి వచ్చి ఆడుతూ ఉండగా ఉన్నట్టుండి టీవీలో బొమ్మ రెండు పక్కలా లోపలికి ముడుచుకొనేది. అంచుల్లో నల్లటి పట్టీలు వచ్చేవి. "నాయన మోటారేసినాడు" అనేవాడు మురళి, ఆట ఆపకుండానే. చేను ఇంటికి అర మైలు దూరం. అక్కడ ఆయన పచ్చ బటను నొక్కితే వోల్టేజి పడిపోయి ఇక్కడ మా బొమ్మ సన్నబడేది. ఆపితే మళ్ళీ వెడల్పయ్యేది, అప్పుడు మేము గేమ్ కట్టేసి పుస్తకాలు ముందు వేసుకొనేవాళ్ళం. ఆయన టమాటా మడుల్లో తడిసిన కాళ్ళతో వచ్చి, అన్నీ తెలిసినా ఏమీ అనకుండా, "ఈ పొద్దు యెంతమందిని సంపినారు?" అని అడిగేవాడు.

ఒక్కోసారి తనూ కూర్చొనేవాడు. ఆయన బొటనవేలు రెండు బటన్లనూ కలిపి కప్పేసేది, అందువల్ల ఆయన మనిషి ఎగురుతూనే కాల్చేవాడు, మొదటి గుంతలోనే పడేవాడు. పడినప్పుడల్లా నాయన రిమోటును తిప్పి వెనక చూసేవాడు, తప్పు అక్కడేదో ఉన్నట్టు. అప్పట్లో ఆయన చేతులు వేయని వస్తువు ఇంట్లో లేదు. రేడియో, టార్చి, మందు కొట్టే పంపు, జేజి కళ్ళద్దాల కాడ, అన్నీ ఆయన దగ్గరికే. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి బాగుచేసి తెచ్చి పెట్టినప్పుడల్లా ఫేజులు తారుమారై ఊళ్ళో మోటార్లన్నీ తిరగబడి తిరిగేవి. తిరుగుతున్న చప్పుడు ఉంటుంది, నీళ్ళు మాత్రం సన్నగా వస్తాయి. మూడు వైర్లలో ఏవో రెండింటిని ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే సరిపోతుంది. ఆ రోజుల్లో ఆయన వేళకు ఇంటికి వచ్చేవాడు కాదు, చేను తర్వాత చేనుకు వెళ్ళి వైర్లు మార్చి వచ్చేవాడు. పనిచేయని ఏ వస్తువు గురించి చెప్పినా ఆయన మాట ఒకటే: "అటుది ఇటు, ఇటుది అటు మార్సి సూడు. సరిపోతాది." టార్చి బ్యాటరీల విషయంలో అది చాలాసార్లు నిజమయ్యేది కూడా.

గేమ్‌కు ఉన్న జబ్బు అడాప్టరు వైరు. ఆడడం అయ్యాక దాన్ని అడాప్టరు చుట్టూ బిగించి చుట్టేవాళ్ళం, ఆ మలుపు దగ్గర లోపల తీగ తెగింది. కొన్నాళ్ళు వైరును ఒక వంకరలో ఉంచి, కదలకుండా పైన రుబ్బురాయి పొత్రం పెట్టి ఆడాము. తర్వాత పొత్రానికి కూడా లొంగలేదు. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి గేమ్ పెట్టెలో పెట్టి, తాడు కట్టి, అటక మీద ఉంది. "కరెంటెక్కువొచ్చి కాలిపోయిందిమ్మా. నేను సూసినా, ఇంక కాదు" అన్నాడు నాయన. ఆ వారంలోనే వీధిలో కొన్ని బల్బులు మాడిపోయాయి, అందుకని నమ్మాము. మురళి ఏడ్చాడు. నేను ఏడ్చానో లేదో గుర్తు లేదు. దాంట్లో దాచుకున్నది కూడా ఏమీ లేదు. ఆ గేమ్ ఏదీ గుర్తు పెట్టుకొనేది కాదు. కరెంటు పోతే మళ్ళీ మొదటి గుంత నుంచే.

ఆ తర్వాత ఇంటికి వచ్చిన మా వస్తువుల దగ్గర నాయన ఎప్పుడూ చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడేవాడు. నేను అది చాలా ఏళ్ళు చూశాను. కొత్త టీవీ రిమోటు, మురళి కంప్యూటరు, చివరికి ఫోను. ఫోన్ మేము నొక్కి ఇస్తే చెవి దగ్గర పెట్టుకొని మాట్లాడేవాడు, మాట అయిపోగానే కట్టేయమని మా చేతికి ఇచ్చేసేవాడు. ఒకటో నంబరు నొక్కి పట్టుకోవడం నేర్పుతుంటే చేతులు వెనక్కి కట్టుకొని, తల ఊపుతూ, నా వేలి వైపు చూశాడు. ఒకసారి నువ్వే నొక్కు నాయనా అంటే, తెలిసిందిలేమ్మా అన్నాడు. వయసైనవాళ్ళకు ఇష్టం ఉండదనుకున్నాను.

మురళి గేమ్ లోపల దుమ్ము ఊది, స్విచ్చి గీకి, క్యాసెట్టు పళ్ళను గుడ్డతో తుడిచాడు. లైటు రాలేదు. అప్పుడు మోటారు పనికి వాడే మీటరు సంచిలోంచి తీసి అడాప్టరు కొన దగ్గర పెట్టాడు. కరెంటు వస్తోంది. కానీ వాడు మీటరు వైపూ, అడాప్టరు మీద అచ్చువేసి ఉన్న చిన్న బొమ్మ వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ బొమ్మలో ప్లస్ ఎక్కడ ఉండాలని ఉందో, మీటరు అక్కడ మైనస్ చూపిస్తోంది.

వైరు మధ్యలో వేలి పొడవున నల్ల టేపు ఉంది. దాని మీద సైకిలు ట్యూబు రబ్బరు పట్టీ, పైన గోనె దారంతో కట్టు. బోరులోకి దింపే కేబులుకు వేసే అతుకు అది, నీళ్ళలో ఉన్నా చెడకూడని అతుకు. మా ఊళ్ళో అలా కట్టేది ఒక్కరే. మేము వాడిన రోజుల్లో ఆ వైరుకు అతుకు లేదు. మురళి దారం తెంచి, రబ్బరు విప్పి, టేపు ఊడదీశాడు. జిగురు దారాల్లా సాగింది. లోపల రెండు తీగలు, ఒక్కొక్కటి విడివిడిగా మెలితిప్పి, విడివిడిగా చుట్టి, ఒకదాని చోట ఇంకొకటి.

"తిప్పేసినాడు నాయన. ఇదేమన్నా మోటారా తిప్పేకి" అన్నాడు మురళి, తనలో తాను.

అమ్మ గింజలు పితకడం ఆపలేదు. "మీరు ఇస్కూలుకు పోయినాక కూసున్నాడు" అంది. "మీరొచ్చేపాటికి లైటెలగల్లని. మొదట సక్కంగానే అతికినాడు. ఎలగలే. ఆ పొద్దు అప్పుడే కరెంటు పోయుండాది. పట్టపగలు, బల్బు ఏసుకోలేదు, తెలీలేదు మాకు. ఎలగలేదని అటుది ఇటు మార్సి కట్టినాడు. అంతలోకి కరెంటొచ్చింది. సురుక్కుమని పొగొచ్చింది."

"యాల చెప్పలేదు మా నువ్వు?" అన్నాడు మురళి.

"పిలకాయలకు చెప్పొద్దన్నాడు. నేను యాల చెప్తా?" గిన్నెలో చెయ్యి కడుక్కొని, చీర చెంగుకు తుడుచుకొంది. "ఆ పొద్దన్నుంచే, మీ సామాను యేదొచ్చినా 'నా సెయ్యి మోటార్లకే పనికొస్తాది, వాళ్ళవి ముట్టుకుంటే సెడిపోతాయి' అనేవాడు. నేను నవ్వేదాన్ని."

అమ్మ ఆ మాటను ఫోన్ గురించి చెప్పలేదు, గేమ్ గురించే చెప్పింది. మోటారు ఆయనది, ఆపాడు. స్టార్టరు మూత ఆయనది, వేశాడు. ఫోన్ మాది. ఇది నా ప్రశ్నకు జవాబు అని నేను అనలేను. నొప్పిలో మనిషి ఏం ఆలోచిస్తాడో ఎవరికి తెలుసు, చెయ్యి లేవలేదేమో, మమ్మల్ని పని మధ్యలో పిలవడం ఎందుకనుకున్నాడేమో. కానీ ఇన్ని నెలలుగా ఏమీ లేని చోట ఇప్పుడు ఇది ఉంది. ఏడుపు ఇప్పుడు వస్తుందేమో అని చూశాను. రాలేదు. నేల మీద పడ్డ అనప తొక్కలు ఏరి చేటలో వేశాను.

మురళి తీగలను సరిగా మార్చి మెలితిప్పి, మళ్ళీ పెట్టాడు. మీటరు బొమ్మతో సరిపోయింది. గేమ్ స్విచ్చి వేశాడు. లైటు రాలేదు. ఇంకోసారి వేశాడు. "లోపలిదెప్పుడో పోయుండాది అక్కా" అన్నాడు. బెంగళూరులో ఇలాంటివి బాగుచేసేవాళ్ళు ఉంటారని, లోపల మార్చాల్సింది చిన్న ముక్కే అయి ఉంటుందని చెప్పాడు. వద్దులే అన్నాను. వాడూ బలవంతం చేయలేదు. సంచిలోంచి కొత్త టేపు తీసి ఆ అతుకుకు చుట్టాడు. సైకిలు ట్యూబు రబ్బరును పారేయలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఊళ్ళో ఆ ఇంట్లో ఇప్పుడు అటక లేదు, రుబ్బురాయిని కొత్త మెట్టు కింద వేసి కట్టేశారు, జేజి లేదు, వీధిలో బాతు మాట గుర్తున్నవాళ్ళు ఒకరిద్దరు ఉండవచ్చు. త్రీఫేజు వారం మార్చి వారం రాదు, పగలే వస్తుంది. టీవీ నీలంగా వెలుగుతూనే ఉంది, గేమ్ తగిలించిన వైరు ఇంకా తీయలేదు. మురళి ఫోన్ మోగింది. చేను దగ్గరి స్టార్టరు మెసేజి పంపింది, కరెంటు వచ్చిందని. నాయన పోయాక వాడు పెట్టించిన సామాను అది, ఎక్కడున్నా ఫోన్‌లోనే మోటారు వేయవచ్చు. వాడు కూర్చున్నచోటు నుంచే ఒకసారి నొక్కి, ఫోన్ పక్కన పెట్టాడు.

"మోటారేసినావా?" అంది అమ్మ.

"ఏసినా మా."

నేను టీవీ అంచుల వైపు చూశాను. రెండు పక్కలా నీలం, చివరిదాకా, కదలకుండా ఉంది.