పళ్ళపొడితో తోమిన వెండి

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ విన్నిపెగ్ సంఘంలో మీ మధ్య ఇంత ధైర్యంగా నిలబడి మాట్లాడుతున్న ఈ మార్తకు ఒకప్పుడు నిద్రమాత్ర మింగకపోతే కన్ను మూతపడేది కాదు! మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి దిగుతున్న ఆ రోజుల్లోనే నేనూ ఒంగోలు నుంచి చదువుకోవడానికి వచ్చాను. పగలు కాలేజీ, రాత్రి గోడౌన్‌లో ప్యాకింగ్, ఈ రెండింటి మధ్య నిద్ర పట్టక గింజుకుంటుంటే తోటి అమ్మాయి జాలిపడి ఒక మాత్ర ఇచ్చింది, ఆ ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి, చదువు ముగిసేసరికి నేను బేస్‌మెంట్ గదిలో మంచం దిగడమే మానేశాను. ఉద్యోగం లేదు, ఆకలి లేదు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. బతకాలన్న కోరిక కూడా పోయింది సహోదరులారా!

దేవుడు నన్ను చూశాడు. పక్కింట్లో ఉండే మూపో ఆంటీని పంపాడు. ఆమె కరెన్ జాతి మనిషి, బర్మా కొండల్లోంచి సైన్యం తరిమేస్తే థాయ్‌లాండ్ క్యాంపులో ఏళ్ళ తరబడి బతికి ఇక్కడికి వచ్చిన విశ్వాసి. రోజూ గంజి తెచ్చి, నా మంచం పక్కన కూర్చుని, వాళ్ళ భాషలో ప్రార్థన చేసేది. యేసు పేరు తప్ప నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఏడుపు వచ్చేది. ఒకరోజు నా ఒళ్ళో గుప్పెడు వెండి పూసలు పోసి, దారం చేతికిచ్చింది. థాయ్‌లాండ్ కొండల్లో ఉండిపోయిన ఆమె తమ్ముడు సుత్తితో కొట్టి, ఉలితో చెక్కి పంపే వెండి అది. ఒక్క దండ గుచ్చడానికి నాకు వారం పట్టింది. డాక్టరు గారు చెప్పినట్టు మాత్రలు తగ్గిస్తూ వచ్చాను, చివరికి ఒక్క స్ట్రిప్ మిగిలింది, దాన్ని మాత్రం పారేయలేక సొరుగులో దాచుకున్నాను.

ఇక నా ఘనకార్యం వినండి! చర్చిలో చేతిపనుల అమ్మకం పెట్టారని ఆంటీ నన్ను నమ్మి డబ్బా నిండా చేపలూ ఆకులూ చెక్కిన వెండి బిళ్ళలు ఇచ్చింది. చూస్తే గీతల్లో అంతా నలుపు! మా అమ్మ పట్టీలు తోమినట్టు, సూట్‌కేసులో తెచ్చుకున్న పళ్ళపొడి పెట్టి, పాత బ్రష్షుతో ఒక పూటంతా తోమాను. తళతళా మెరిశాయి. తీరా చూస్తే చేపకు కన్ను లేదు, పొలుసు లేదు, ఆకుకు ఈనె లేదు. ఆ నలుపు మురికి కాదు, బొమ్మ కనబడాలని ఆమె తమ్ముడు కావాలని పట్టించిన నలుపు.

నా చెయ్యి నేరుగా సొరుగు దగ్గరికే వెళ్ళింది. స్ట్రిప్ పట్టుకుని నేలమీద కూలబడి, "ప్రభువా, ఈ చేతులు ఏది పట్టుకున్నా పాడు చేస్తున్నాయి, ఈ ఒక్కసారి నువ్వే నా చెయ్యి పట్టుకో తండ్రీ, వదలకు" అని గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపు విని ఆంటీ వచ్చింది. బిళ్ళలు చూసి ఆమె ముఖం వాడిపోయింది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఒక్కో బిళ్ళా వెలుతురులో తిప్పి చూసింది. తర్వాత లేచి, "గుడ్లున్నాయా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. ఆకలేస్తోందేమో అనుకున్నాను నేను! నాలుగు గుడ్లు ఉడకబెట్టి, చిదిమి, బిళ్ళలతో పాటు డబ్బాలో పెట్టి మూత బిగించింది. మర్నాడు తీస్తే గుడ్లలోని గంధకానికి అన్నీ నల్లబడ్డాయి. నా చేతికి గుడ్డ ఇచ్చి, "పైపైన తుడువు. లోపల నలుపు వదిలెయ్. లేకపోతే చేప కనబడదు" అంది. నేను తుడిచాను, చేప కళ్ళు తెరిచింది! ఆ గుడ్ల కంపులోనే స్ట్రిప్ తీసి ఆంటీ చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క మాత్ర ముట్టలేదు, దేవునికే మహిమ!

ఇప్పుడు నాకు సొంత వ్యాపారం ఉంది, గొప్పగానే చెబుతాను, నా ప్రభువు చేసిన పనికి నేనెందుకు సిగ్గుపడాలి? కాసులపేరులా గుచ్చిన కరెన్ చేపల దండ నా సొంత డిజైన్, ప్రతి అట్టపెట్టె మీదా ముందు ఆంటీ తమ్ముడి పేరు, కింద నా పేరు. మా అమ్మ మెడలోనూ ఒకటి ఉంది, పళ్ళపొడి పెట్టనని ఒట్టు వేయించుకున్నాకే పంపాను. మన తెలుగు ఆంటీలు వచ్చి, "ఏంటమ్మాయ్ ఇంత నల్లగా ఉంది, కాస్త తోమొచ్చుగా?" అంటారు. కూర్చోబెట్టి ఈ కథంతా చెబుతాను.

ఒక మాట ఒప్పుకుంటాను. ఈ రోజు సాక్ష్యం చెప్పమన్నప్పుడు మాత్రల సంగతి దాచి వ్యాపారం సంగతే చెబుదామనుకున్నాను, మళ్ళీ తోమేయబోయాను చూడండి! తెలుగు ఒక్క ముక్క రాకపోయినా మూపో ఆంటీ ఇదిగో వెనక వరుసలో కూర్చుని ఉంది. ఆమె ముఖం చూశాక దాచలేకపోయాను. ఇక్కడున్న చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, మీలో ఎవరి సొరుగులోనైనా అలాంటిదేదైనా దాగి ఉంటే, ఆరాధన అయ్యాక మా ఇద్దరి దగ్గరికి రండి, నా యేసు మీ చెయ్యి కూడా పట్టుకుంటాడు. ఆంటీ ప్రార్థన చేస్తుంది. గుడ్లు నేను ఉడకబెడతాను.